మమ్మల్నెవరు అడిగినరు?

2014లో మూడున్నర నెలల తేడాతో రెండు పెద్ద సంగతులు జరిగాయి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ ప్రజలు బ్రిటన్‌లో ఉండాలా, విడిపోయి వేరే దేశం కావాలా అని ఓటేశారు. ఇక్కడ ఓటింగ్ జరగలేదు, రాష్ట్రం వచ్చింది. అక్కడ ఓటింగ్ జరిగింది, దేశం రాలేదు. అప్పుడు నేను ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతున్నాను. సిలబస్‌లో లేకపోయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక క్లాసు చెప్పాను. స్కాట్లాండ్‌లో 16 ఏళ్లు నిండినవాళ్లకు కూడా ఓటిచ్చారని చెప్పగానే క్లాసు మొత్తం సర్దుకుని కూర్చుంది. వాళ్లందరిదీ ఆ వయసే మరి.

జైనూర్ అవతలి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే గోండు అమ్మాయి ఒకతి లేచింది. "సార్, వాళ్లను సర్కారు అడిగింది గదా. మమ్మల్నెవరు అడిగినరు?" అంది. తెలంగాణ గురించేనా అన్నాను. "తెలంగాణ ఒక్కటే కాదు సార్. నిజాం కాలం సంది మా ఊరు ఎవరి కింద ఉండాల్నో ఎన్నిసార్లు మార్చిన్రు. ఒక్కసారన్న అడిగిన్రా?"

ఆ పిల్ల ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. నేను రిటైరయ్యాను. దేశాలు, రాష్ట్రాలు విడిపోవడం గురించి ఎక్కడ వాదన జరిగినా నేను ముందుగా చూసేది మాత్రం ఆ అమ్మాయి అడిగిన సంగతే. విడిపోతామంటున్న ముక్కలో మళ్లీ చిన్నవాళ్లెవరు? వాళ్లను అడిగారా?

ముందు స్కాట్లాండ్ సంగతి చెప్పుకుందాం. 1707లో ఇంగ్లండ్‌తో కలిసిన దేశం అది. విడిపోవాలనే పార్టీ ఎడిన్‌బరోలో అధికారంలోకి వచ్చాక, 2012 అక్టోబర్‌లో లండన్ ప్రభుత్వమూ ఎడిన్‌బరో ప్రభుత్వమూ ఒప్పందం రాసుకున్నాయి. ఓటింగ్ పెడదాం, ఫలితం ఏదైనా ఇద్దరం తలవంచుదాం అని. తర్వాత దాదాపు రెండేళ్లు ఊరూరా వాదనే. విడిపోతే పౌండే వాడాలా, వేరే నాణెం తేవాలా? పింఛన్లు ఎవరిస్తారు? ఉత్తర సముద్రంలో చమురు ఎవరి వాటా? అణు జలాంతర్గాములను ఎక్కడికి తరలిస్తారు? యూరోపియన్ యూనియన్‌లో చోటుంటుందా? స్వాతంత్ర్యం కోరిన ప్రభుత్వమే 670 పేజీల పుస్తకం అచ్చేసి తన లెక్కంతా జనం ముందు పెట్టింది. 84.6 శాతం మంది ఓటేశారు. 44.7 శాతం విడిపోదామన్నారు, 55.3 శాతం వద్దన్నారు. మర్నాడు ఓడిన నాయకుడు పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించాడు. కాల్పులు లేవు, కర్ఫ్యూ లేదు. నాకు ఆ ఫలితం కంటే ఆ రెండేళ్ల వాదనే గొప్పగా అనిపిస్తుంది.

మన దేశంలో ఏ ప్రాంతమూ యూనియన్ నుంచి బయటికి పోవడానికి రాజ్యాంగంలో దారి లేదు. ఈ సంగతి తెలుగువాళ్లకు కొంచెం దగ్గరిది కూడా. ద్రావిడనాడు పేరుతో తమిళ నాయకులు ఒకప్పుడు అడిగిన వేరే దేశం పటంలో తెలుగు నేల కూడా ఉండేది. డీఎంకే నేత అన్నాదురై 1962లో రాజ్యసభలోనే నిలబడి దాని గురించి మాట్లాడారు. 1963లో 16వ రాజ్యాంగ సవరణ వచ్చింది. దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతామని అభ్యర్థులు ప్రమాణం చేయాలన్న నియమం పెట్టారు. ఆ ఏడాదే డీఎంకే ఆ డిమాండ్‌ను వదులుకుంది.

దేశం విడవడం కుదరదు గానీ రాష్ట్రాలను ఎలాగైనా విడగొట్టొచ్చు, కలపొచ్చు. మూడో అధికరణం పార్లమెంటుకు ఆ అధికారం ఇచ్చింది. రాష్ట్రపతి సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతవరకే. ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. అప్పుడు ఆ అధికారం తెలంగాణకు మేలు చేసింది, నేనూ సంతోషించినవాణ్ణే. అదే అధికారం ఇంకొకరి మీద ఎలా పనిచేసిందో కాసేపట్లో చెబుతాను.

జనాన్ని అడగడం మన దేశానికి కొత్తేమీ కాదు. గోవాను మహారాష్ట్రలో కలపాలా వద్దా అన్న పేచీ వస్తే 1967 జనవరి 16న అక్కడి ప్రజలతోనే ఓటేయించారు. వాళ్లు వద్దన్నారు, గోవా విడిగానే మిగిలింది.

ఉట్నూర్ ఉన్న ఈ నేల ఒకసారి నిజంగానే "వేరే దేశమా, యూనియనా" అన్న చోట నిలబడింది. 1947 జూన్‌లో బ్రిటిష్‌వాళ్లు పోతున్నామని చెప్పగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చారు. భారత రాజ్యాంగ సభకూ పాకిస్తాన్ సభకూ ప్రతినిధులను పంపను, హైదరాబాద్ స్వతంత్రంగా ఉంటుందన్నారు. 82 వేల చదరపు మైళ్ల సంస్థానం, కోటీ అరవై లక్షల జనం. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు, సొంత సైన్యం. స్కాట్లాండ్ జనాభాకు దాదాపు మూడు రెట్లు. దేశం కావడానికి కావలసిన సరంజామా అంతా ఉందని నిజాం పక్షం వాదించింది. జనం అడగని దేశం ఎవరికోసమని స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ వాదించింది, 1947 ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలన్న ఉద్యమం మొదలుపెట్టింది. పల్లెల్లో కమ్యూనిస్టులు దొరల భూములు పంచుతున్నారు, రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారు. నవంబర్ 29న ఏడాది పాటు యథాతథంగా ఉందామని ఢిల్లీతో ఒప్పందం జరిగింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయినట్టు రేడియోలో చెప్పారు, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ తన సైన్యాన్ని మేజర్ జనరల్ చౌదరికి అప్పగించాడు. ఆ రోజుల్లో, ఆ తర్వాతి రోజుల్లో సంస్థానంలోని ముస్లింల మీద, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. సెప్టెంబర్ 17 గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలని నా అభిప్రాయం.

ఈ వాదనంతా హైదరాబాద్‌లో, ఢిల్లీలో, ఐక్యరాజ్య సమితిలో జరిగింది. ఉట్నూర్ అడవిలో వాదన అంతకు ముందే మొదలై, ఒక దఫా రక్తంతో ముగిసింది కూడా. కెరమెరి కొండల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం 1940లో నిజాం పోలీసుల తూటాలకు చనిపోయాడు. పన్నెండు గూడేల మీద గోండుల పెత్తనం గోండులకే ఉండాలన్నది ఆయన అడిగింది. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటల్లో దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన కోరింది వేరే దేశం కాదు. అడవి పన్ను కోసం ఇంటికొచ్చే చౌకీదారు లేని బతుకు.

మరుసటి సంవత్సరం ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. తిరుగుబాటుకు కారణం భూమేనని ప్రభుత్వానికి తేల్చి చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండి భాషలో చదువు చెప్పే టీచర్ల శిక్షణ మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ఆదివాసీల ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ రోజుల్లో పెట్టిందే. 1940లు ముగిసేసరికి జిల్లాలో ఆదివాసీ కుటుంబాలకు లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలు అందాయి. నిజాం రాజ్యమే భీంను చంపింది, ఆ నిజాం రాజ్యమే పట్టాలిచ్చింది.

తర్వాత యూనియన్ వచ్చింది, ఎన్నికలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. ఆ రోడ్ల మీదే మైదానాల నుంచి, మరాఠ్వాడా నుంచి వేల కుటుంబాలు ఈ అడవికి వచ్చాయి. మా నాన్న 1960ల్లో జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను గిరిజనేతరుణ్ణి, ఆ వలసలో పుట్టినవాణ్ణి. నా మాట చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి. రెండు క్వింటాళ్ల జొన్నలకు, ఒక పెళ్లి ఖర్చుకు, ఒక బాకీ చీటీకి పట్టా భూములు చేతులు మారాయి. ఆదివాసీ భూమి ఇతరులకు పోకూడదన్న 1959 నాటి నిబంధన తెలంగాణకు 1963లో గానీ వర్తించలేదు. దానికి కోరలు పెట్టిన 1970 సవరణ, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, వచ్చేసరికి పోవలసిన భూమి చాలా వరకు పోయింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి అంగడి రోజు. భూమి గురించి సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. గూడేల లెక్క దానికి ఎన్నో రెట్లు.

మళ్లీ వెనక్కి, 1955కు పోదాం. రాష్ట్రాల పునర్విభజన మీద వేసిన ఫజల్ అలీ కమిషన్ సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచాలి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఇక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలి అంది. అడిగి కలపమన్న సలహా అది. ఆ గడువు రానివ్వలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నుంచి నలుగురేసి నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఆ ఒప్పందంలో ఒక అంశం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలని రాసుకున్నారు. డబ్బున్న ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు పేద ప్రాంతం భూమి కొనేస్తారని తెలంగాణ నాయకులకు భయం. న్యాయమైన భయమే. కరీంనగర్ రైతుకు కోస్తా నుంచి వచ్చే ప్రమాదం వాళ్లకు కనబడింది. ఉట్నూర్ గోండుకు కరీంనగర్ నుంచి వచ్చే ప్రమాదం ఆ బల్ల దగ్గర ఎవరికీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? ఆ ఎనిమిది మందిలో ఒక్క ఆదివాసీ లేడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నవంబర్ 1నే ఇంకో పంపకం జరిగింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు మరాఠీ మాట్లాడే ప్రాంతాలని బొంబాయి రాష్ట్రంలో కలిపారు. తెలుగు, మరాఠీ అని భాషల లెక్కన గీసిన గీత అది. దానికి రెండు పక్కలా ఉన్న గోండుల ఇంటి భాష గోండి. మేనమామ ఊరు ఒక రాష్ట్రం, మేనల్లుడి ఊరు ఇంకో రాష్ట్రం అయ్యాయి. మధ్య భారతంలోని గోండు నాయకులు 1950ల్లో గోండ్వానా రాష్ట్రం అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 29 లక్షలకు పైనే. బోడో భాషకు 14 లక్షల పైచిలుకు. బోడోకు, సంతాలీకి 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు దొరికింది. గోండికి ఈ రోజుకీ లేదు. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఫోన్లో ఆ అక్షరాలు కొట్టొచ్చు. సర్కారీ కాగితం మీద రాస్తే చెల్లదు.

1956 గీత సరిగ్గా ఎక్కడ పడిందో ఈనాటికీ తేలని ఊళ్లున్నాయి. ఉట్నూర్ నుంచి జైనూర్ మీదుగా కెరమెరి ఘాట్ దిగి, అవతల కొండల్లోకి పోతే పరందోళి, ముకదంగూడ, అంతాపూర్, మహారాజ్‌గూడ, లెండిజాల వస్తాయి. జోడేఘాట్ ఉన్న మండలమే. తెలంగాణ వాటిని కెరమెరి మండలం అంటుంది, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా అంటుంది. రెండు రాష్ట్రాల సర్పంచులు, రెండు రేషన్ దుకాణాలు, రెండు ఓటరు జాబితాలు. తెలుగు బడి ఒకటి, మరాఠీ బడి ఒకటి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న పోలింగ్. రెండు రోజులూ ఆ ఊళ్లకు ఓట్ల పెట్టెలు వచ్చాయి.

రిటైరయ్యాక ఒక శిష్యుడి బండి మీద అటు పోయాను. ఒక ముసలాయన ఇంట్లో చాపేసి కూర్చోబెట్టాడు. గోడ మేకుకు వేలాడే పాలిథిన్ కవరు తీసి, ముడి విప్పి, ఒక్కో కాగితం చాప మీద పరిచాడు. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల పథకాల పుస్తకాలు. ఇంటి గుమ్మం మీద రెండు నంబర్లు, ఒకటి తెలుగు అంకె పక్కన, ఒకటి దేవనాగరిలో. చూడ్డానికి అదృష్టంలా ఉంది కదా అన్నట్టు నా శిష్యుడు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. కవరు బోర్లించి దులిపి చూపించాడు. "ఇగో సార్, అన్నీ ఉన్నయ్. పట్టా లేదు. ఇక్కడోళ్లను అడిగితే అక్కడ తెచ్చుకో అంటరు. అక్కడోళ్లు ఇక్కడ తెచ్చుకో అంటరు. ఓటుకు మాత్రం ఇద్దరూ వస్తరు."

మరి మీరు ఎటు ఉండాలనుకుంటున్నారని అడిగాను. ఆయన కోడలు లోపలి నుంచే జవాబిచ్చింది. "ఎవరు పట్టా ఇస్తే ఆల్ల దిక్కు."

జెండాల మీద ప్రేమ లేక అన్న మాట కాదది. రాజ్యం అంటే ఆ ఇంటికి అందాల్సిన మొదటి వస్తువు ఏమిటో ఆమె చెప్పింది. 1947లోనో, 1956లోనో, 2014లోనో ఉట్నూర్ అడవిని అడిగి ఉంటే ఇదే జవాబు వచ్చేదని నా నమ్మకం.

1969 ఉద్యమం, ముల్కీ తీర్పు, జై ఆంధ్ర, ఆరు సూత్రాలు, 610 జీవో, 2009 డిసెంబర్ 9 ప్రకటన, 42 రోజుల సకల జనుల సమ్మె, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే, మళ్లీ చెప్పను. ఉట్నూర్ కూడా ఆ ఉద్యమంలో ఉంది. గూడేల నుంచి తుడుం మోగించుకుంటూ వచ్చారు, దండారి బృందాలు నెమలి ఈకల కిరీటాలతో ధర్నా టెంట్ల ముందు ఆడాయి. వాళ్ల చేతుల్లో ప్లకార్డుల మీద తెలంగాణతో పాటు భీం బొమ్మ ఉండేది. మాకు రాష్ట్రం కావాలి, రాష్ట్రంలో మా వాటా కావాలి అన్నది ఆ బొమ్మ అర్థం.

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు మా వైపు పెద్దమనుషులు భూమి కొలవడానికి ముందు ఒక మాట అడుగుతారు, పెళ్లికాని చెల్లెలి సంగతేమిటని. ఎంత కోపంలో ఉన్నా అన్నదమ్ములిద్దరూ అది తేల్చాకే గొలుసు పట్టుకుంటారు. దేశాల పంపకంలో ఆ చెల్లెలే లేచి మాట్లాడిన సందర్భం ఒకటుంది.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ 1995 అక్టోబర్ 30న విడిపోవాలా వద్దా అని ఓటేసింది. వద్దన్నవాళ్లు 50.58 శాతం, కావాలన్నవాళ్లు 49.42 శాతం. వెంట్రుకవాసిలో దేశం మిగిలింది. ఆ క్యుబెక్ ఉత్తర భాగమంతా అడవి, నదులు, మంచు. అక్కడ క్రీ అనే ఆదివాసులు, ఇన్యూట్ జనం ఉంటారు. క్యుబెక్ కట్టిన పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టులు వాళ్ల వేట భూములను ముంచాయి. ఓటింగ్‌కు ఆరు రోజుల ముందు, అక్టోబర్ 24న, క్రీలు తమ సొంత ఓటింగ్ పెట్టుకున్నారు. మా ఒప్పుకోలు లేకుండా మమ్మల్నీ మా నేలనూ కెనడా నుంచి వేరు చేయొచ్చా అని. 96 శాతం మంది వీల్లేదన్నారు. ఇన్యూట్లదీ దాదాపు అదే జవాబు. కెనడాను విడదీయొచ్చంటే క్యుబెక్‌నూ విడదీయొచ్చు అన్నది వాళ్ల వాదన. ఫ్రెంచివాళ్ల అభిమానాన్ని వాళ్లు తక్కువ చేయలేదు. మీకున్న హక్కే మాకూ ఉందన్నారు, అంతే.

1998లో కెనడా సుప్రీంకోర్టు ఈ పేచీ మీద తన అభిప్రాయం చెప్పింది. ఏ రాష్ట్రమూ ఏకపక్షంగా వెళ్లిపోలేదు. అయితే ప్రజలు సూటిగా ఉన్న ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీతో విడిపోతామంటే మిగతా దేశం కూర్చుని మాట్లాడి తీరాలి. ఆ మాటల్లో మైనారిటీల హక్కులు, ఆదివాసుల హక్కులు లెక్కలోకి రావాలి. నేను చదివినంతలో విడిపోవడం గురించి ఇంత న్యాయంగా రాసిన కాగితం ఇంకొకటి లేదు. పెద్దవాడికి చిన్నవాణ్ణి కట్టేసి ఉంచే హక్కు లేదంది, చిన్నవాడికి ఇంకా చిన్నవాణ్ణి ఈడ్చుకుపోయే హక్కు లేదంది.

మన దగ్గర ఏం జరిగింది? మూడో అధికరణం గురించి తర్వాత చెబుతానన్నది ఇదే. ఖమ్మం జిల్లాలో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఏడు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు, భద్రాచలం మండలాల్లోని ఊళ్లు. రాష్ట్రం పుట్టడానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న, ఆ ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌కు ఇస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఆ ఊళ్లలో ఎక్కువ మంది కోయలు, కొండరెడ్లు. తెలంగాణ కావాలని వాళ్లూ అందరితో పాటు రోడ్లెక్కారు. తెలంగాణ వచ్చింది, వాళ్లను బయట పెట్టి వచ్చింది. ఏ గ్రామసభనూ అడిగి వేసిన గీత కాదది, ప్రాజెక్టు నీళ్లు ఎంతవరకు వస్తాయో చూసి వేసిన గీత.

తెలంగాణ రావడం తప్పని నేను అనడం లేదు. అరవై ఏళ్ల అన్యాయానికి అది సమాధానం, దాని కోసం ప్రాణాలిచ్చిన పిల్లల్లో నా వయసు తండ్రుల బిడ్డలున్నారు. రాష్ట్రం వచ్చాక ఉట్నూర్‌కు వచ్చినవి కూడా ఉన్నాయి. జోడేఘాట్‌లో భీం స్మారకం, మ్యూజియం కట్టారు. గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి. 2023 జూన్‌లో రాష్ట్రమంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం ఆసిఫాబాద్ నుంచే మొదలైంది. కానీ 2016 అక్టోబర్ 11న జిల్లాలను విడగొట్టినప్పుడు ఏజెన్సీని ముక్కలు చేయొద్దని ఆదివాసులు అడిగారు, వినలేదు. ఒకే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఉన్న గూడేలు ఇప్పుడు నాలుగు జిల్లాల్లో ఉన్నాయి. ఐటీడీఏ ఆఫీసు ఉట్నూర్‌లో, కలెక్టర్ ఇంకెక్కడో. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఏప్రిల్ 20న నివాళి అర్పించాలంటే రాష్ట్రం వచ్చాక కూడా కొన్నేళ్లు 144 సెక్షన్ అడ్డం వచ్చింది.

"మావ నాటె మావ రాజ్" అన్న నినాదం ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉంది. మా ఊళ్లో మా రాజ్యం అని. 2018లో కొన్ని గూడేల పొలిమేరల్లో ఆ మాట రాసి బోర్డులు పెట్టారు. పట్నంలో ఉండేవాళ్లు కొందరు అది దేశం నుంచి విడిపోయే మాట అనుకుని కంగారుపడ్డారు. అప్పటికే ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య రిజర్వేషన్ తగాదా రగులుతోంది. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. దానితో ఉద్యోగాలూ సీట్లూ మాకు దక్కడం లేదని గోండులు, కొలాములు అంటారు. మా తాతల కాలం నుంచీ ఈ నేల దున్నుతున్నాం, పేదరికం మాకూ ఉందని లంబాడాలు అంటారు. రెండు వైపుల పిల్లలూ నా క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ బోర్డుల వల్ల భయపడ్డ పిల్లలు నాకు తెలుసు, ఆ బోర్డులు పాతిన పిల్లలూ తెలుసు. సొంత పాలన అడిగేవాళ్లు తమ ఊళ్లో తక్కువ మంది ఉన్న ఇళ్ల సంగతి కూడా ముందే చెప్పాలని ఇద్దరితోనూ అన్నాను. క్రీలు క్యుబెక్‌ను అడిగిందే, గూడెంలోని నాలుగిళ్లు గూడేన్ని అడుగుతాయి.

ఆ బోర్డు మీద రాసినదానికి చట్టంలో చోటు ఉంది. అది విడిపోవడం కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభతో సంప్రదించాలని ఆ చట్టం చెబుతుంది. అటవీ హక్కులు ఎవరివో తేల్చే పని కూడా 2006 చట్టం ప్రకారం గ్రామసభ దగ్గరే మొదలవుతుంది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. ఆ వానాకాలంలో పన్నెండు ఊళ్ల డోంగ్రియా కోందులు, వాళ్ల పొరుగువాళ్లు జడ్జి ఎదుట ఒక్కొక్కరే లేచి తమ మాట చెప్పారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. స్కాట్లాండ్‌లో జరిగింది పెద్ద వార్త, మా పిల్లలకు నేను ఎక్కువసార్లు చెప్పింది మాత్రం నియమగిరి కథే. ఎందుకంటే అది మన చట్టంతో, మన కోర్టులో, మనలాంటి గూడెంలో జరిగింది.

అందుకే నేను అడిగేది చిన్నది. మూడో అధికరణం కింద రాష్ట్రం సరిహద్దు మార్చినా, జీవోతో జిల్లా సరిహద్దు మార్చినా, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊరు ఒక్కటి అటో ఇటో పోతుందంటే ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఉండాలి. శాసనసభ అభిప్రాయం అడగాలన్న నియమం పక్కనే ఈ వాక్యం చేర్చడానికి పార్లమెంటుకు ఒక్క సవరణ చాలు. మొదలుపెట్టడానికి కెరమెరి అవతలి ఊళ్లు సిద్ధంగా ఉన్నాయి. రెండు రాష్ట్రాల రెవెన్యూ అధికారులు ఒకే రోజు అక్కడికి వచ్చి, మీ పట్టా మేమిస్తే ఇన్ని ఎకరాలు, మీ బడి మేం నడిపితే ఈ భాష, ఆస్పత్రి ఇంత దూరం అని ఎవరి లెక్క వాళ్లు జనం ముందు పెట్టాలి. తర్వాత ఆ ఊళ్లతో ఓటేయించాలి.

ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న నా శిష్యురాలు ఈ మధ్య ఫోన్ చేసింది. వాళ్ల బడిలో వక్తృత్వ పోటీ పెడుతున్నారట, అంశం ఏం పెట్టమంటారు సార్ అని అడిగింది. "పరందోళి ఎటు ఉండాలి?" అని పెట్టమన్నాను. "ఎటు ఉండాల్నో మనం ఎట్ల చెప్తం సార్? ఎవరు చెప్పాల్నో అది పెడ్త" అంది.